సైదా తోటల నుంచి బీరూట్ నడిబొడ్డుకు: రఫీక్ హరీరీ జీవితం

జెద్దాలోనో రియాద్‌లోనో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన మనవాళ్లలో సౌదీ ఓజర్ అనే కంపెనీ పేరు విననివాళ్లు తక్కువ. రాజభవనాలు, ప్రభుత్వ ఆఫీసులు, హోటళ్లు కట్టిన పెద్ద కంపెనీ అది. దాన్ని నిలబెట్టిన మనిషి సౌదీలో పుట్టలేదు, రాజుల బంధువూ కాదు. లెబనాన్‌లోని ఒక సముద్రపు పట్టణం నుంచి బతుకుదెరువు కోసం గల్ఫ్‌కి వెళ్లిన కుర్రాడు. పేరు రఫీక్ హరీరీ. తర్వాత ఆయన సొంత దేశానికి తిరిగొచ్చి ప్రధాని అయ్యారు. 15 ఏళ్ల యుద్ధంలో శిథిలమైన బీరూట్ నడిబొడ్డును మళ్లీ కట్టించారు. చివరికి ఆ బీరూట్ రోడ్డు మీదే బాంబు దాడిలో చనిపోయారు. మర్హూమ్ హరీరీ పోయి 20 ఏళ్లు దాటింది. ఆయన మేలు చేశారా, కీడు చేశారా అనే వాదన మాత్రం లెబనాన్‌లో ఇంకా నడుస్తూనే ఉంది.

పళ్ల తోటల పట్టణం

హరీర్ అంటే అరబ్బీలో పట్టు. ఇంటిపేరులో పట్టు ఉన్నా ఇంట్లో మాత్రం లేమే. 1944 నవంబర్ 1న దక్షిణ లెబనాన్‌లోని సైదాలో ఒక సాదాసీదా సున్నీ కుటుంబంలో రఫీక్ పుట్టారు. తండ్రి బహాఉద్దీన్ చిన్న రైతు. సైదా చుట్టూ నారింజ, నిమ్మ తోటలు ఎక్కువ. రఫీక్, తమ్ముడు షఫీక్, చెల్లెలు బహియా ఆ వాతావరణంలోనే పెరిగారు. ముస్లిం ధార్మిక సంస్థ మఖాసిద్ నడిపే బడిలో రఫీక్ చదువుకున్నారు. అప్పట్లో అరబ్ కుర్రాళ్లందరి మీదా నాసిర్ ప్రభావం ఉండేది. రఫీక్ కూడా అరబ్ జాతీయవాద ఉద్యమంలో కొన్నాళ్లు తిరిగారు.

స్కూలు చదువు అయ్యాక బీరూట్ అరబ్ యూనివర్సిటీలో కామర్స్ చదవడానికి చేరారు. ఫీజులు, ఖర్చులు భరించే స్తోమత ఇంట్లో లేదు. 1965లో చదువు మధ్యలో వదిలేసి సౌదీ విమానం ఎక్కారు. అప్పటికి ఆయన వయసు 20 దాటింది, అంతే.

జెద్దాలో లెక్కల మాస్టారు

సౌదీలో ఆయన మొదటి కొలువు బడిపంతులుది. జెద్దాలో పిల్లలకు లెక్కలు చెప్పారు. ఆ తర్వాత ఒక ఇంజినీరింగ్ కంపెనీలో లెక్కలు చూసే పనిలో చేరారు. బిల్లులు ఎలా వేస్తారు, సిమెంటు, ఇనుము, కూలీ లెక్క ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ తగ్గించవచ్చు అన్నది అక్కడే తెలుసుకున్నారు. 1960ల చివర్లో సొంతంగా ఒక చిన్న కంపెనీ పెట్టి, పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర సబ్ కాంట్రాక్టులు తీసుకోవడం మొదలుపెట్టారు.

1973 యుద్ధం తర్వాత చమురు ధర ఒక్కసారిగా నాలుగింతలైంది. సౌదీ ఖజానాలోకి డబ్బు వరదలా వచ్చింది. రోడ్లు, ఆసుపత్రులు, భవనాలు అన్నీ ఒకేసారి కావాలి, అదీ వెంటనే కావాలి. మన హైదరాబాద్ నుంచి, ఆ తర్వాత కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి జనం గల్ఫ్ దారి పట్టింది కూడా ఆ చమురు డబ్బు పిలిచినందుకే. ఆ పిలుపులో చాలామందికి కూలీ దొరికింది. హరీరీకి సామ్రాజ్యం దొరికింది.

దానికి ఒక హోటల్ కారణం. తాయిఫ్‌లో ఇస్లామీ దేశాల సమావేశం కోసం రాజు ఖాలిద్‌కు ఒక పెద్ద హోటల్ కావాల్సి వచ్చింది. గడువు చాలా తక్కువ. అంత తక్కువ టైమ్‌లో కట్టలేమని వేరే కంపెనీలు చేతులెత్తేశాయి. హరీరీ ఒప్పుకున్నారు. ఫ్రాన్స్‌కు చెందిన ఓజర్ అనే నిర్మాణ కంపెనీని కలుపుకుని, ఏడాది కూడా తిరగకముందే 1977లో మస్రా హోటల్‌ను కట్టి అప్పజెప్పారు. చెప్పిన రోజుకు పని ముగించే కాంట్రాక్టర్ అన్న పేరు రాజకుటుంబం దాకా వెళ్లింది. 1978లో ఆయనకు సౌదీ పౌరసత్వం ఇచ్చారు. బయటి అరబ్బులకు అది అంత తేలిగ్గా దొరికేది కాదు. ఓజర్ కంపెనీని కూడా ఆయనే కొనేశారు. సౌదీ ఓజర్ అలా పుట్టింది. అప్పటి యువరాజు ఫహద్‌కు ఆయన నమ్మకస్తుడయ్యారు. 1982లో ఫహద్ రాజు అయ్యాక ఇక వెనక్కి తిరిగి చూసే పని లేకపోయింది. 40 ఏళ్లు నిండకముందే ఆయన ప్రపంచ కుబేరుల సరసన చేరారు.

డబ్బు పంపిన దారి

సొంత ఊరు తగలబడుతుంటే దూరంగా కూర్చుని సంపాదించడం అంత తేలిక కాదు. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలైంది. క్రైస్తవ, సున్నీ, షియా, ద్రూజ్ మిలీషియాలు, పాలస్తీనా దళాలు, సిరియా సైన్యం, ఇజ్రాయెల్ సైన్యం, అందరూ ఆ చిన్న దేశంలోనే కొట్టుకున్నారు. బీరూట్ రెండు ముక్కలైంది. తూర్పున క్రైస్తవులు, పడమర ముస్లింలు. మధ్యలో మనుషులు తిరగక చెట్లు, పొదలు మొలిచిన సరిహద్దు. దాన్నే గ్రీన్ లైన్ అనేవారు. లక్ష మందికి పైగా చనిపోయారు. వేల మంది కనబడకుండా పోయారు. వాళ్లలో చాలామంది కబురు ఇప్పటికీ ఇంటివాళ్లకు తెలియదు.

హరీరీ 1979లో సైదాలో ఒక విద్యా సంస్థ పెట్టారు. అదే తర్వాత హరీరీ ఫౌండేషన్ అయింది. యుద్ధం వల్ల చదువు ఆగిపోయిన పిల్లలను వెతికి, లెబనాన్‌లో, ఫ్రాన్స్‌లో, బ్రిటన్‌లో, అమెరికాలో చదివించడం దాని పని. 30,000 మందికి పైగా విద్యార్థులు ఆ సాయంతో చదువుకున్నారు. సున్నీలే కావాలనే షరతు పెట్టలేదు. షియా, క్రైస్తవ, ద్రూజ్ పిల్లలకూ ఇచ్చారు. ఫీజు కట్టలేక తాను వదిలేసిన చదువు ఆయన మనసులో ఉండిపోయిందేమో. ఆయన మీద ఎంత కోపం ఉన్నవాళ్లైనా ఈ ఒక్క పనికి మాత్రం దండం పెడతారు.

సైదా దగ్గర కఫర్ ఫలూస్‌లో ఆసుపత్రి, కాలేజీలతో ఒక పెద్ద ప్రాంగణం కూడా కట్టించారు. యుద్ధంలో దాన్ని లూటీ చేసి నాశనం చేశారు. 1982లో ఇజ్రాయెల్ సైన్యం బీరూట్‌ను ముట్టడించి వెళ్లాక, హరీరీ తన కంపెనీ లారీలు, బుల్‌డోజర్లు పంపి వీధుల్లోని శిథిలాలు ఎత్తించారు. నగరం నడిబొడ్డు మీద ఆయన చూపు పడింది అప్పుడే. కానీ యుద్ధం మళ్లీ రాజుకుంది, పని ఆగిపోయింది.

1983, 1984ల్లో జెనీవా, లోసాన్ చర్చల్లో సౌదీ తరఫున మధ్యవర్తిగా తిరిగారు. 1989లో లెబనాన్ ఎంపీలను తాయిఫ్‌కి పిలిచి శాంతి ఒప్పందం కుదిర్చినప్పుడు కూడా తెర వెనక ఆయన ఉన్నారు. హోటల్ కట్టి పేరు తెచ్చుకున్న ఊర్లోనే ఆయన దేశపు యుద్ధానికి ముగింపు రాశారు. మరుసటి ఏడాది తుపాకులు ఆగాయి.

నగరం కంపెనీ చేతికి

యుద్ధం ఆగేనాటికి బీరూట్ నడిబొడ్డు ఎలా ఉండేదో ఫోటోల్లో చూసినవాళ్లకు తెలుసు. అమరుల చౌక్, పాత సూఖులు, బ్యాంకుల వీధి, అన్నీ తూటాల రంధ్రాలతో జల్లెడలా ఉండేవి. పాడుబడ్డ ఇళ్లలో దక్షిణం నుంచి పారిపోయి వచ్చిన పేద కుటుంబాలు తలదాచుకున్నాయి. సముద్రం ఒడ్డున యుద్ధం పొడుగునా పోసిన చెత్త ఒక గుట్టగా పెరిగింది.

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. ఒక్కో బిల్డింగు మీద పదుల కొద్దీ, కొన్నిచోట్ల వందల కొద్దీ హక్కుదారులు. తాత పేరున ఉన్న దుకాణం మనవలకు పంచితే ఎన్ని ముక్కలవుతుందో మన ఇళ్లలో విరాసత్ పంపకాలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. దానికి తోడు పాత అద్దెదారుల హక్కులు. అందరినీ ఒప్పించి కట్టడం జరిగే పని కాదని హరీరీ మనుషులు వాదించారు. నగరం నడిబొడ్డు మొత్తాన్నీ ఒకే ప్రైవేటు కంపెనీకి అప్పగించాలన్నది వాళ్ల ప్లాన్. ఆ ప్లాన్ గీయించడానికి డబ్బు పెట్టింది కూడా హరీరీయే. 1991 డిసెంబర్‌లో పార్లమెంటు దానికి వీలు కల్పిస్తూ 117వ నంబరు చట్టం చేసింది. ఆ కంపెనీ పేరు సోలిదేర్. 1994 మే నెలలో అది పుట్టింది. అప్పటికి హరీరీ ప్రధాని. కంపెనీలో పెద్ద వాటాదారుల్లో ఆయన ఒకరు.

అది పనిచేసిన తీరు ఇదీ. ఆ ప్రాంతంలో స్థలం, దుకాణం, అద్దె హక్కు ఉన్నవాళ్లంతా వాటిని కంపెనీకి ఇచ్చేయాలి. బదులుగా డబ్బు రాదు, కంపెనీ షేర్లు వస్తాయి. అలా వచ్చిన ఆస్తుల విలువ 117 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. బయటి పెట్టుబడిదారుల నుంచి మరో 65 కోట్ల డాలర్లు సేకరించారు. మొత్తం విస్తీర్ణం 191 హెక్టార్లు, అంటే సుమారు 470 ఎకరాలు. అందులో 73 హెక్టార్లు ఆ చెత్తగుట్టను శుభ్రం చేసి, సముద్రాన్ని పూడ్చి తీసిన కొత్త నేల. మసీదులు, చర్చిలను మాత్రం కంపెనీ తీసుకోలేదు, ఆయా మతసంస్థలకే వదిలేసింది. ఎప్పటిదో పాత అల్ ఉమరీ పెద్ద మసీదును బాగుచేశారు.

ఇక్కడే గొడవ మొదలైంది. తరతరాలుగా సూఖులో బట్టలో బంగారమో అమ్ముకున్న కుటుంబానికి చేతిలో మిగిలింది షేరు కాగితం. తమ ఆస్తికి తక్కువ విలువ కట్టారని వేల మంది మొత్తుకున్నారు. ప్రధానే వాటాదారు, నగరాన్ని కట్టే ప్రభుత్వ మండలికి అధిపతి ఆయన పాత కంపెనీ మనిషి, మరి ఫిర్యాదు ఎవరికి చేసుకోవాలి? మొదటి ప్లాన్ గీసిన ప్రముఖ ఆర్కిటెక్ట్ ఆన్రీ ఎద్దే తానే తప్పుకుని, తర్వాత గట్టి విమర్శకుడయ్యారు. యుద్ధం వదిలేసిన వాటిని కూడా బుల్‌డోజర్లు కూల్చాయని ఆర్కిటెక్టులు, చరిత్రకారులు వాపోయారు. పాత సూఖులు నేలమట్టమయ్యాయి. అలా కూలుస్తుంటే దుకాణాల మధ్య దాగిన ఒక చిన్న గుమ్మటం బయటపడింది. అది మమ్లూకుల కాలం నాటి ఇబ్న్ ఇరాఖ్ అనే సూఫీ జావియా. దాని దగ్గరకు వచ్చేసరికి బుల్‌డోజర్ కదలలేదని జనంలో కథ పాకింది. కథ సంగతి ఎలా ఉన్నా జావియా మిగిలింది. ఇప్పుడు కొత్త షాపింగ్ సూఖుల పక్కన ఒంటరిగా నిలబడి ఉంది.

సముద్రం ఒడ్డున సెయింట్ జార్జ్ అనే పాత ప్రసిద్ధ హోటల్ ఉంది. తీరం హక్కుల విషయంలో సోలిదేర్‌తో దాని యజమానికి పేచీ వచ్చింది. సోలిదేర్‌ను ఆపండి అంటూ హోటల్ గోడంతా పరుచుకునే పెద్ద బ్యానర్ కట్టారు. ఈ హోటల్ పేరు గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. గ్రీన్ లైన్ ఉన్నచోట రోడ్లు పడ్డాయి. ఫ్రెంచి కాలం నాటి రాతి భవనాలను చక్కగా బాగుచేశారు. తవ్వకాల్లో ఫినీషియన్ల, రోమన్ల నాటి అవశేషాలు బయటపడ్డాయి. సాయంత్రాల్లో నజ్మా చౌక్‌లో జనం పిల్లలతో తిరిగారు. గల్ఫ్ నుంచి అరబ్ కుటుంబాలు సెలవులకు రావడం మొదలైంది. ఎయిర్‌పోర్టు, స్టేడియం, కరెంటు, ఫోన్లు అన్నీ కొత్తగా వచ్చాయి. అయితే ఆ షాపుల్లో కాఫీ తాగే స్తోమత ఎంతమంది లెబనీయులకు ఉంది అన్న ప్రశ్న కూడా అప్పటి నుంచే ఉంది. ఈ భవనాలకు రాళ్లెత్తిన కూలీల్లో ఎక్కువమంది సిరియా నుంచి వచ్చిన పేదలు. వాళ్ల పేర్లు ఏ గోడ మీదా లేవు.

అప్పు, దాని మీద సూద్

1992లో ఆయన ప్రధాని అయ్యేనాటికి డాలరు కొనాలంటే 2,500 లెబనీస్ పౌండ్లు కూడా చాలని రోజులు చూశారు జనం. హరీరీ రావడంతోనే మార్కెట్‌లో నమ్మకం వచ్చింది. తన సొంత పెట్టుబడులు చూసిన బ్యాంకర్ రియాద్ సలామాను 1993లో సెంట్రల్ బ్యాంక్ గవర్నర్ చేశారు. సైదా నాటి స్నేహితుడు ఫువాద్ సినియోరా చేతికి ఆర్థిక వ్యవహారాలు ఇచ్చారు. పౌండును డాలరుకు 1,500 చుట్టుపక్కల కట్టేశారు. ఆదాయపు పన్నును 10 శాతానికి దించారు.

మరి డబ్బు ఎక్కడిది? అప్పు. ప్రభుత్వం బాండ్లు అమ్మింది, దేశంలోని బ్యాంకులు కొన్నాయి. 1995లో వాటి మీద వడ్డీ 30 శాతం కూడా దాటింది. 1992లో సుమారు 300 కోట్ల డాలర్లున్న అప్పు, ఆయన రెండోసారి దిగిపోయేనాటికి 3,500 కోట్ల డాలర్ల దరిదాపులకు చేరింది. సూద్ ఒక ఇంటిని ఎలా తినేస్తుందో మన పెద్దలు ఊరికే చెప్పలేదు. ఇక్కడ అది ఒక దేశాన్ని తిన్నది. ఆ లోటు అంతా హరీరీ ఒక్కరి పాపమే అనలేం. యుద్ధంలో కొట్టుకున్న నాయకులే మంత్రులై ఎవరి వాటా వాళ్లు పట్టుకుపోయారు. సిరియా పెత్తనం ఉంది. 1996లో ఇజ్రాయెల్ బాంబులు కొత్త కరెంటు స్టేషన్లనే కొట్టాయి, ఖానాలో ఐరాస శిబిరంలో తలదాచుకున్న 100 మందికి పైగా సామాన్యులను చంపాయి. అయినా శాంతి వస్తుంది, వ్యాపారం పెరుగుతుంది, అప్పు అదే తీరుతుంది అన్నది హరీరీ వేసిన లెక్క. లెక్కల మాస్టారు వేసిన ఆ లెక్క మాత్రం తప్పింది.

చివరి ప్రయాణం

1998లో ఎమిల్ లహూద్ ప్రెసిడెంట్ అయ్యాక హరీరీ పదవి పోయింది. 2000లో భారీగా గెలిచి తిరిగొచ్చారు. ఈసారి లహూద్‌తో, ఆయన వెనక ఉన్న డమాస్కస్‌తో అడుగడుగునా పేచీలే. 2004లో లహూద్ పదవీకాలం పొడిగించాలని సిరియా పట్టుబట్టింది. ఆగస్టు చివర్లో బషర్ అసద్ హరీరీని డమాస్కస్‌కి పిలిపించారు. ఇష్టం లేకుండానే హరీరీ ఆ పొడిగింపుకు ఓటు వేయించి, అక్టోబర్‌లో రాజీనామా చేశారు. రాబోయే ఎన్నికల్లో సిరియా పెత్తనానికి ఎదురుగా నిలబడతారని అందరూ అనుకుంటున్న రోజులవి.

2005 ఫిబ్రవరి 14న పార్లమెంటుకు వెళ్లారు. బయటికొచ్చి తాను బాగుచేయించిన నజ్మా చౌక్‌లో ఒక కాఫీ హోటల్లో కాసేపు కూర్చున్నారు. మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుండగా కార్ల వరుస సముద్రపు రోడ్డు మీద ఇంటికి బయలుదేరింది. సెయింట్ జార్జ్ హోటల్ ముందుకు రాగానే బాంబులు నింపిన లారీ పేలింది. కార్లు తునాతునకలయ్యాయి, రోడ్డు మీద పెద్ద గొయ్యి పడింది. హరీరీతో కలిపి 22 మంది చనిపోయారు. వాళ్లలో అంగరక్షకులు ఉన్నారు, దారిన పోయేవాళ్లు ఉన్నారు, కాలిన గాయాలతో రెండు నెలలు పోరాడి పోయిన మాజీ మంత్రి బాసిల్ ఫులైహాన్ ఉన్నారు.

సర్కారీ లాంఛనాలు వద్దని కుటుంబం చెప్పింది. జనాజాకు లక్షల మంది వచ్చారు. ముస్లింలు ఫాతిహా చదువుతుంటే పక్కన చర్చి గంటలు మోగాయి. నెల తిరిగేసరికి మార్చి 14న అమరుల చౌక్‌లో చరిత్రలో చూడనంత జనం గుమిగూడారు. ఏప్రిల్ 26న సిరియా సైన్యం 29 ఏళ్ల తర్వాత లెబనాన్ వదిలి వెళ్లింది.

చంపిందెవరు? ఐరాస ఏర్పాటు చేసిన ప్రత్యేక కోర్టు 2020 ఆగస్టులో హిజ్బుల్లాకు చెందిన సలీం అయ్యాష్‌ను దోషిగా తేల్చింది. 2022లో అప్పీలులో మరో ఇద్దరిని దోషులుగా చెప్పింది. హిజ్బుల్లా నాయకత్వానికిగానీ సిరియాకుగానీ నేరుగా సంబంధం ఉందనడానికి ఆధారం లేదంది. హిజ్బుల్లా మొదటి నుంచీ తమకు సంబంధం లేదనే చెప్పింది. దోషుల్లో ఒక్కరు కూడా ఆ కోర్టు బోనులో నిలబడలేదు.

వదిలి వెళ్లింది

కొడుకు సాద్ తర్వాత ప్రధాని అయ్యాడు. కానీ తండ్రి కట్టిన కంపెనీ నిలవలేదు. 2016లో సౌదీ ఓజర్ నెలల తరబడి జీతాలు ఆపేసింది. జెద్దా క్యాంపుల్లో వేల మంది భారతీయ కార్మికులు తిండికి కూడా ఇబ్బంది పడ్డారు. మన కాన్సులేట్ రేషన్ పంచాల్సి వచ్చింది, కేంద్ర మంత్రి వీకే సింగ్ స్వయంగా వెళ్లారు. 2017లో కంపెనీ మూతపడింది. ఏళ్ల తరబడి చెమటోడ్చిన కార్మికుల బకాయిలు అలాగే ఉండిపోయాయి. చెమట ఆరకముందే కూలీ ఇవ్వమన్న దీన్‌ను నమ్మేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అది హరీరీ బతికుండగా జరగలేదు, నిజమే. కానీ ఒక మనిషి పలుకుబడి మీద నడిచిన వ్యాపారం ఆ మనిషి పోయాక ఏమవుతుందో అందులో కనిపిస్తుంది.

2019లో లెబనాన్ బ్యాంకులు కుప్పకూలాయి. 1,500 దగ్గర కట్టేసిన పౌండు కొన్నేళ్లలో 90,000 దగ్గరికి పడిపోయింది. గల్ఫ్‌లో కష్టపడి పంపిన డబ్బును బ్యాంకులో దాచుకున్న కుటుంబాలు దాన్ని తీసుకోలేకపోయాయి. బీజం 1990ల అప్పుల్లోనే పడిందని ఒకరంటారు. ఆయన బతికుంటే ఇంతదాకా రానిచ్చేవాడు కాదని ఇంకొకరంటారు. చదివించిన 30,000 మంది పిల్లలను చూపేవాళ్లూ ఉన్నారు, షేరు కాగితాలుగా మారిన దుకాణాలను చూపేవాళ్లూ ఉన్నారు. రెండూ ఆయన చేసినవే.

అమరుల చౌక్ పక్కన నీలి గుమ్మటాలతో ముహమ్మద్ అల్ అమీన్ మసీదు ఉంది. దశాబ్దాలుగా బీరూట్ సున్నీలు కోరుకున్న ఆ మసీదుకు హరీరీ డబ్బు ఇచ్చి 2002లో పని మొదలుపెట్టించారు. అందులో నమాజ్ చదివే భాగ్యం ఆయనకు దొరకలేదు, అది 2008లో తెరుచుకుంది. దాని పక్కనే ఆయన ఖబర్, ఆయనతోపాటు పోయిన అంగరక్షకుల ఖబర్లు ఉన్నాయి. ఏటా ఫిబ్రవరి 14న జనం అక్కడికి వచ్చి ఫాతిహా చదివి వెళ్తారు.